చర్మానికి చోటు

జూన్ 4

సున్నాకి,

నీ ఉత్తరం శనివారం అందింది. నేను అడిగినవి నాలుగు, నువ్వు జవాబు రాసినవి రెండు. మిగతా రెండూ మళ్ళీ అడుగుతున్నాను, తప్పించుకోకు.

ఒకటి. ఆస్పత్రిలో నిన్ను పూల్‌లోంచి కాగితాల గదికి ఎందుకు మార్చారు? మోకాళ్ళు అరిగినవాళ్ళనీ పక్షవాతం వచ్చినవాళ్ళనీ గోరువెచ్చని నీళ్ళలోకి దింపి నడిపించడంలో నీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు లేరని నువ్వే గొప్పలు పోయేదానివి.

రెండు. అరవై కిలోలు తగ్గానని రాశావు. రెండేళ్ళు నోరు కట్టుకుని, కాళ్ళరిగేలా నడిచి తగ్గినదానివి ఎగిరి గంతేసినట్టు రాయాలి గదా. రేడియోలో వాతావరణం చదివినట్టు రాశావేం?

పుట్టినప్పుడు నిన్ను చూసి మీ తాతయ్య “సున్నా చుట్టినట్టుంది” అన్నారు. అదే పేరయింది. ఇప్పుడు నువ్వు ‘ఒకటి’ అంకెలా తయారయ్యావని మీ అమ్మ అంటోంది. అయినా పేరు మార్చను, నోటికి అలవాటైపోయింది.

ఫోను చేస్తానన్నావు. వద్దు. నాకు వినపడదు, నీకు ఓపిక ఉండదు. ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం.

పూల్‌లోకి దిగడానికి నువ్వడిగిన డ్రెస్సు కుడతాను. కొలతలు పంపు. నీ అంతట నువ్వు తీసుకోకు. టేపు పట్టే మనిషి వేరే ఉండాలి. ఒంటరిగా కొలుచుకునేవాళ్ళు ఊపిరి బిగబట్టకుండా ఉండరు. టేపు కింద ఏముందో కూడా రాయాలి. ‘సుమారుగా’ అన్న మాట కనపడిందో, నేను కత్తెర ముట్టుకోను.

అమ్మమ్మ


జూన్ 13

అమ్మమ్మా,

నీ ఉత్తరం విప్పుతుంటే పరీక్ష పేపరు చేతికిచ్చినట్టు ఉంటుంది. సరే, వరసగా రాస్తాను.

నన్ను ఎవరూ మార్చలేదు. కొన్నాళ్ళు కాగితాల గదిలో ఉంటానని నేనే అడిగాను. అక్కడ కిటికీ పక్కన కుర్చీ, టేబుల్ ఫ్యాను, నాలాగే ఎవరితోనూ మాట్లాడని ఒక ప్రింటరు ఉన్నాయి. బాగానే ఉంది. కాని మా పెద్ద మేడమ్ ఊరుకోవడం లేదు. ఆగస్టు ఆఖరులోగా నీళ్ళలోకి దిగకపోతే పూల్ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానని, ఇక నేను రిటైరయ్యేదాకా ఆ ప్రింటరుతోనే కాపురమని చెప్పేసింది. అందుకే డ్రెస్సు అడిగాను.

చేతులు మణికట్టు దాకా, కాళ్ళు చీలమండల దాకా, మెడ పైకి ఉండాలి. ఎండ పడకుండానా అని అడుగుతావు. పూల్ గది లోపలే ఉంది, ఎండ రాదు. నాకు అలా కావాలి, అంతే.

ఛాతీ ముప్పై ఆరు. నడుము ఇరవై తొమ్మిది. తుంటి ముప్పై ఎనిమిది. పైచెయ్యి పది. టేపు కింద పలచటి బనీను. పక్క గదిలో ఉండే నర్సు టేపు పట్టింది. ‘సుమారుగా’ ఎక్కడా రాయలేదు, చూసుకో.

నీ సున్నా


జూన్ 27

సున్నాకి ఆశీస్సులు.

పార్సిలు నిన్న పోస్టు చేశాను. విప్పేటప్పుడు కత్తితో కొయ్యకు, ముడి విప్పు.

సాగే బట్ట కోసం వెళ్తే కొట్టులో కుర్రాడు “ఎవరికి మామ్మగారూ, మీకా?” అని పళ్ళికిలించాడు. “అవును, రేపట్నుంచి ఈత పోటీలకి వెళ్తున్నా. గుడ్డ సాగదీయకుండా కొలువు” అన్నాను. మళ్ళీ మొదటి నుంచి కొలిచాడు.

నువ్వు పంపిన అంకెలు చూశాను. ఆ ఛాతీకి ఆ నడుము సినిమా పోస్టర్ల మీద తప్ప నేనెక్కడా చూడలేదు. మన వంశంలో ఆ నడుము లేదు. అయినా నువ్వు రాసింది రాసినట్టే కోశాను. బళ్ళో లెక్కలు చెప్పినన్నాళ్ళూ ఇచ్చిన అంకెని మార్చి లెక్క చెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యను.

వేసుకుని చూసి వెంటనే రాయి. కూర్చుని, వంగి, చేతులెత్తి చూడాలి. అద్దం ముందు బొమ్మలా నించుని చూడ్డం కాదు.

అమ్మమ్మ


జూలై 9

అమ్మమ్మా,

డ్రెస్సు అదిరిపోయింది! అతికినట్టు సరిపోయింది. చంకల దగ్గరా, పక్కనా మాత్రం కాస్త బిగువు. తిరిగి పంపుతున్నాను, కొంచెం వదులు చెయ్యి. తొందరేమీ లేదు, నిదానంగానే పంపు.

ఇక్కడ ఒకటే పొగడ్తలు. ఆస్పత్రిలో లిఫ్టు నడిపే ఆయన నన్ను గుర్తుపట్టక “కొత్తగా చేరారా అమ్మా?” అన్నాడు. నేనని తెలిసేసరికి నోరు వెళ్ళబెట్టి రెండు అంతస్తులు ఎక్కువ తీసుకుపోయాడు. క్యాంటీన్‌లో అందరూ ఏం తిన్నావు, ఎలా తగ్గావు అని చుట్టూ మూగుతున్నారు. నవ్వుతాను, చెప్తాను. గదికి వచ్చి తలుపు వేసుకుంటాను.

నీ మోకాలు ఎలా ఉంది?

సున్నా


జూలై 18

నీ పార్సిలు అందింది. నా మోకాలి సంగతి తర్వాత.

డ్రెస్సుని టేబుల్ మీద పరిచి, దీపం దగ్గరికి లాక్కుని చూశాను. ఎడమ పక్క కుట్టు చంక నుంచి తుంటి దాకా తెగింది. దాన్ని నువ్వు చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసి దాచబోయావు. కుడి పక్క కుట్టు తెగలేదు గాని దారం సాగి కుట్ల మధ్య సందులు కనపడుతున్నాయి. పొట్ట దగ్గర బట్ట సాగి మళ్ళీ వెనక్కి రాలేదు. ఇది ‘కాస్త బిగువు’ కాదు. ఇరవై తొమ్మిది అంగుళాల నడుముకి కుట్టిన దాంట్లోకి నలభై అంగుళాల మనిషి దూరితే జరిగే పని.

మళ్ళీ ఒళ్ళు చేశావు. చేస్తే చేశావు, మనిషన్నాక జరుగుతుంది. దాని గురించి నేనేమీ అనను. పాత అంకెలు రాసి పంపడం, ‘అదిరిపోయింది’ అని కోతలు కొయ్యడం, తెగిన కుట్టుని నా దగ్గరే దాచబోవడం, ఇవి నాకు నచ్చలేదు. పొగిడేవాళ్ళ ముందు వేషం వెయ్యి, నా ముందెందుకు?

నిజం కొలతలు పంపేదాకా కత్తెర ముట్టను.

అమ్మమ్మ


జూలై 25

అమ్మమ్మా,

నువ్వు రాసింది చదివి ఆ కాగితాన్ని ఉండ చుట్టి విసిరేశాను. మళ్ళీ మంచం కింద దూరి తెచ్చుకుని సాపు చేశాను.

నేను ఒక్క కిలో కూడా పెరగలేదు. కావాలంటే మా ఆస్పత్రి త్రాసు మీద నించుని ఫొటో తీసి పంపుతాను. పెరగలేదు. మిగిలిపోయింది.

చర్మం అమ్మమ్మా. లోపలున్నది పోయింది, పైది పోలేదు. పొట్ట మీద నుంచి తొడల మీదికి వేళ్ళాడుతుంది. పక్కకి తిరిగి పడుకుంటే అది నా పక్కన ఇంకొక మనిషిలా పరుచుకుంటుంది. చేతులెత్తితే కింద రెక్కల్లా ఊగుతుంది. మెట్లు దిగుతుంటే చప్పుడవుతుంది, నాకు వినపడుతుంది. మడతల్లో ఒరిసి పుండ్లు పడతాయి. రోజూ తుడిచి, ఆరబెట్టి, పౌడరు వేసి, వెడల్పాటి పట్టీ చుట్టూ చుట్టి బిగిస్తాను. అందరూ చూసి మెచ్చుకునే నడుము ఆ పట్టీది. నీకు పంపిన కొలత కూడా దానిదే. ఏ నర్సూ టేపు పట్టలేదు. తలుపు గడియ పెట్టుకుని నేనే కొలుచుకున్నాను.

కొన్నాళ్ళు గట్టు మీద నుంచే పని నెట్టుకొచ్చి, ఏప్రిల్‌లో ఒక రోజు ఎవరూ లేనప్పుడు పూల్‌లోకి దిగాను. నీళ్ళలో పట్టీ పనికిరాదు, విప్పేశాను. నడుము దాకా దిగేసరికి పొట్ట చర్మం పైకి లేచింది. నా చుట్టూ తేలింది. అది నాది కానట్టు, నన్ను చూడ్డానికి వచ్చినట్టు ఉంది. గట్టు పట్టుకుని బయటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. ఆ రోజే వెళ్ళి కాగితాల గది అడిగాను.

అంత లావుగా ఉన్నప్పుడు కూడా నేను నీళ్ళలోకి ధైర్యంగా దూకేదాన్ని. పూల్ సగం పొంగేది, అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. సిగ్గు అంటే ఏంటో తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఆగస్టు అయిపోతే నాకు ప్రాణమైన పని పోతుంది, నాకు తెలుసు. అయినా కాళ్ళు అటు పడటం లేదు.

నూనె రాయమనీ, వ్యాయామం చెయ్యమనీ రాయకు. అన్నీ అయ్యాయి. డాక్టరు, అది తనంతట తను పోదని చెప్పాడు. బరువు ఒక ఏడాది నిలకడగా ఉంటే కోసి తీసేయొచ్చట.

నువ్వు రావద్దు. ఎవరూ చూడొద్దు.

సున్నా


జూలై 30

సున్నాకి,

నా కిందటి ఉత్తరం తప్పు. బట్ట చెప్పింది నిజమే, నేను చదవడంలో తప్పాను.

శుక్రవారం ఉదయం బండి దిగుతాను. స్టేషనుకి రానక్కర్లేదు, అడ్రసు ఉంది, నాకు నోరుంది. టేపు తెస్తున్నాను. టేపు పట్టే మనిషి వేరే ఉండాలని మొదటి ఉత్తరంలోనే రాశాను.

అమ్మమ్మ


ఆగస్టు 12

సున్నా,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. కింది బెర్తు దొరికింది. నీ గదిలో ఉన్నన్ని రోజులూ నేను మాట్లాడింది తక్కువ. “అమ్మమ్మ ఒక్కసారి కూడా తిట్టలేదే, నాకు భయంగా ఉంది” అని మీ అమ్మతో ఫోనులో గుసగుసలాడావు. ఫోను వినపడదు గాని ఆ గుసగుస వినపడింది. తిట్టకపోవడం జాలిపడి కాదు, మాట రాక. ఇప్పుడు కాగితం దొరికింది గనక రాస్తున్నాను.

నువ్వు గడియ పెట్టి, కర్టెన్ లాగి, దీపం కూడా ఆర్పబోయావు. చీకట్లో టేపు మీద అంకెలు ఎవరు చదువుతారే అని కసిరాను. అప్పుడు గోడ వైపు తిరిగి పట్టీ విప్పడం మొదలుపెట్టావు. ఒక్కొక్క చుట్టూ వదులవుతుంటే నీ ఒళ్ళు మెల్లగా కిందికి దిగింది. నా చేతిలోంచి టేపు జారిపోయింది. నువ్వు వెనక్కి తిరిగి “చూశావా, నీక్కూడా అసహ్యం వేసింది” అన్నావు. నేను వంగి టేపు తీసుకున్నాను.

అసహ్యం కాదమ్మా. చిన్నప్పుడు మొదటిసారి సముద్రం చూసినప్పుడు కూడా నేను చేతిలోని చెప్పులు ఇలాగే వదిలేశాను.

నీ పొట్ట మీది మడతని రెండు చేతుల్లోకీ తీసుకున్నప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావు, అందుకని నా ముఖం చూడలేదు. ఖాళీ సంచిలా చల్లగా ఉంటుందనుకున్నాను. పసిబిడ్డ తల పట్టుకున్నంత బరువుంది. వెచ్చగా ఉంది. వేళ్ళ కింద నాడి కొట్టుకుంటోంది. చేతులు చాపమంటే చాపావు. దీపం నీ వెనక ఉంది. ఆ వెలుతురు నీ చేతి కింది చర్మంలోంచి లేత ఎరుపుగా ఇవతలికి వచ్చింది. సన్నటి నరాలు కనపడ్డాయి. ఎండలో ఆకు ఎత్తి చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. నువ్వు “అయిందా?” అన్నావు. కొలవడం మొదలే పెట్టలేదు.

నీ నడుముకి నాలుగు కొలతలు వచ్చాయి. నించుంటే ఒకటి, కూర్చుంటే ఒకటి, వంగితే మరొకటి, పడుకుంటే ఇంకొకటి. ఏ వస్తువుకైనా కొలత ఒక్కటే ఉంటుందని బళ్ళో పిల్లల చేత కంఠతా పట్టించిన మనిషిని నేను. నా మనవరాలి ముందు ఆ పాఠం చెల్లలేదు.

రైల్లో దారి పొడుగునా ఒకటే ఆలోచించాను. నువ్వు పెరిగినంత కాలం ఆ చర్మం నీతోపాటు పెరిగింది. ఎక్కడా చిరగలేదు, పిగలలేదు. నిన్ను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, నీకు సరిపడా చోటు చేసుకుంటూ పోయింది. నేను ఇన్నేళ్ళుగా కుడుతున్నాను, నేను కుట్టిన ఏ బట్టా ఆ పని చెయ్యలేదు. ఆ తెల్లటి గీతలున్నాయే, అవి దాని కుట్లు. వేలితో తడిమి చూశాను. అంత సన్నటి పనికి వంకపెట్టడానికి నాకు నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం ఎప్పుడైనా చూశావా?

కోయించుకోవాలనుకుంటే కోయించుకో. పుండ్లు పడుతున్నాయి గనక అది సోకుల సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. నీ మంచం పక్కన కుర్చీలో నేను కూర్చుంటాను. కాని ఇంకో ఏడాది నీళ్ళకి దూరంగా ఉంటానంటే ఒప్పుకోను.

దీనితోపాటు కొత్త డ్రెస్సు వస్తోంది. మొదటిది నీ పట్టీకి కుట్టాను. ఇది నీకు కుట్టాను. పొట్ట లోపలి వైపు మెత్తటి గుడ్డతో ఒక అర పెట్టాను. మడత అందులో కూర్చుంటుంది, ఒరుసుకోదు. దాచడానికి కాదు, దానికి చోటు కోసం. తొడల దగ్గర ఆకు ఆకారంలో ముక్కలు వేశాను, నువ్వు వంగినప్పుడు అవి విచ్చుకుంటాయి.

చేతులు కుట్టలేదు. మర్చిపోలేదు. విడిగా కత్తిరించి, అంచులు మడిచి, కవరులో పెట్టాను. మణికట్టు దాకా ఉన్నాయి, నువ్వడిగినట్టే. తగిలించుకుంటావో లేదో నీ ఇష్టం. కుట్టాలంటే మాత్రం నువ్వే కుట్టుకోవాలి. దగ్గరి కుట్టు వెయ్యి, టాకాలు కాదు.

అమ్మమ్మ


ఆగస్టు 24

అమ్మమ్మా,

పార్సిలు విప్పి చేతుల్లేని డ్రెస్సు చూసి నీ మీద ఎంత మండిపడ్డానో ప్రింటరుని అడుగు, అదొక్కటే విన్నది.

నిన్న పెద్ద మేడమ్ పిలిచి “ఈ రోజు దిగుతావా, నీ చోట్లో వేరే అమ్మాయిని రమ్మననా?” అంది. దిగుతానన్నాను. నోరైతే అనేసింది. బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని, కవరు విప్పి, కుడి చెయ్యి తగిలించాను. నువ్వు చెప్పినట్టే దగ్గరి కుట్టు వేశాను. ఎడమది పట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను. బయట కేకలు. పేషంటుని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళలోకి దించేశారు. ఆయన భయపడి కుర్చీలోంచి జారుతున్నాడు. ఎవరో నన్ను పేరు పెట్టి అరిచారు. ఉన్నదాన్ని ఉన్నట్టు పరిగెత్తాను. ఒక చేతికి మణికట్టు దాకా గుడ్డ, రెండో చెయ్యి భుజం నుంచీ బోసి.

ఆయన తాళాలు బాగుచేసేవాడు. చలికాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. వేళ్ళు ముడుచుకోవు. మెత్తటి బంతి ఇచ్చినా జారిపోతుంది. నేను ఎదురుగా నించుని ఆయన్ని రెండు చంకల కిందా పట్టుకున్నాను. ఆయన భార్య గట్టు మీద నించుని “భయపడకండి, నీళ్ళు మీ ఛాతీ దాకా కూడా లేవు, ఇంత గోల చేస్తారేం!” అని ఆయన్ని మించి అరుస్తోంది. మధ్యలో నన్ను చూసి “అదేం ఫ్యాషనమ్మా, ఒక చెయ్యి?” అని కూడా అడిగింది.

నా ఎడమ చేతి చర్మం లేచి తేలింది. నాకు తెలిసింది. కిందికి నొక్కుదామంటే చేతులు ఖాళీ లేవు, ఆయన్ని వదిలితే మునిగిపోతాడు. ఆయన కాలు జారింది. పడిపోతూ ఆ చచ్చుబడ్డ చేతిని నా వైపు విసిరాడు. అది వచ్చి నా చేతి కింద తేలుతున్న చర్మం మీద పడింది.

పట్టుకుంది, అమ్మమ్మా.

మామూలు చెయ్యి అయితే గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఆ వేళ్ళకి పట్టు దొరకదు, తడికి జారిపోతుంది. ఇది మెత్తగా వేళ్ళ మధ్యలోకి తనే వెళ్ళింది. ఆయన వేళ్ళు దాని చుట్టూ ఒక్కొక్కటీ మూసుకోవడం నాకు తెలిసింది. చలికాలం నుంచీ తెరుచుకునే ఉన్న చెయ్యి అది. ఆయన కాళ్ళు నేలకి ఆనాయి. ఇద్దరం కదలకుండా నించున్నాం. ఆయన తన చేతి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు.

“నేనే పట్టుకున్నానా?” అన్నాడు.

“మీరే పట్టుకున్నారు.”

“నొప్పెడుతోందా తల్లీ? వదిలేదా?”

“వదలొద్దు.”

గట్టు మీద ఆవిడ అరవడం మానేసింది. ముక్కు ఎగబీల్చి “పెళ్ళయినప్పట్నుంచీ నా చెయ్యి ఇంత గట్టిగా ఎప్పుడైనా పట్టుకున్నారా మీరు?” అంది. పూల్ గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నన్ను పట్టుకునే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాడు.

బయటికి వచ్చాక కూడా తువ్వాలు కప్పుకోవడం మర్చిపోయాను. పెద్ద మేడమ్ నా చెయ్యి చూసింది. “రేపు ఉదయం కూడా ఆయన్ని నీకే వేస్తున్నా” అంది, వెళ్ళిపోయింది.

నీ సున్నా


ఆగస్టు 30

సున్నా,

నీ ఉత్తరం నించునే చదివాను. కూర్చోవాలని తోచలేదు. మళ్ళీ చదివాను. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని, ముసలిదాన్నయ్యాక వదులైన నా చేతి చర్మాన్ని నా వేళ్ళతో పట్టుకుని చూశాను. నువ్వు రాసింది నిజమే. అది తనే వేళ్ళ మధ్యలోకి వస్తుంది. ఇన్నాళ్ళూ నా ఒంటి మీదే ఉంది, నాకు తెలీలేదు. వీధిలో ఎవరో నన్ను చూసి “ఏంటి మామ్మగారూ, దోమ కుట్టిందా?” అని అడిగారు. జాకెట్టు చెయ్యి కిందికి దించుకున్నాను.

నీ పని నీకు దక్కిందని వేరే రాయనక్కర్లేదు, అర్థమైంది.

ఒకటి మాత్రం నువ్వు సరిగ్గా రాయలేదు. ‘వేళ్ళు ఒక్కొక్కటీ మూసుకున్నాయి’ అన్నావు. నాలుగు వేళ్ళు ముడుచుకుంటే అది వేళ్ళాడటం. బొటనవేలు ఎదురుగా వచ్చి కలిస్తేనే పట్టుకోవడం. తాళాలు చేసే మనిషికి ఆ తేడా బతుకుతెరువంత పెద్దది. ఆయన బొటనవేలు ఎటు ఉంది? ఊహించి రాయకు. ఈసారి నీళ్ళలో ఉన్నప్పుడు నీ చెయ్యి నువ్వు చూసుకుని రాయి.

అమ్మమ్మ


సెప్టెంబరు 5

అమ్మమ్మా,

ఈ రోజు డ్రెస్సుకి కుట్టిన ఆ ఒక్క చెయ్యీ విప్పేసి దిగాను. ఆయన పట్టుకున్నాక నీళ్ళలోంచి నా చెయ్యి పైకెత్తి, ఇద్దరం తలలు వంచి, దీపం కిందికి పట్టి చూశాం. ఆవిడ కూడా కళ్ళజోడు పెట్టుకుని గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

చర్మానికి ఇటు నాలుగు వేళ్ళు. అటు వైపు నుంచి, వణుకుతూ, బొటనవేలు.

సున్నా